బిల్డర్‌లో చేసిన సైట్‌కి వాట్సాప్ బటన్ కోడ్ పెడితే డబ్బాలో ఇరుక్కుపోతోంది, ఫోన్‌లో అసలు కనపడట్లేదు

లక్కపిడత
శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. నాకు కోడింగ్ రాదు, కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్.

మా మావయ్య వాళ్ళది ఏటికొప్పాక, లక్క బొమ్మలు చేస్తారు. నేను ఉండేది వైజాగ్‌లో, అకౌంట్స్ పని. ఎగ్జిబిషన్లలో కొన్నవాళ్ళు మళ్ళీ కావాలంటే ఎక్కడ దొరుకుతాయని అడుగుతుంటే రెండు నెలల క్రితం ఒక డ్రాగ్ అండ్ డ్రాప్ (కోడ్ రాయకుండా ముక్కలు లాగి పెట్టుకునే) సైట్ బిల్డర్‌లో సైట్ చేశా, ఏడాదికి డబ్బు కట్టి సొంత డొమైన్ కూడా తీసుకుని కలిపా. ఫోటోలు, ధరలు అన్నీ పెట్టా. కార్టూ పేమెంటూ లాంటివి ఇప్పుడే వద్దన్నాడు మావయ్య, వాట్సాప్‌లో అడిగితే చాలు, నేను చూసుకుని చెప్తా అన్నాడు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తడం కుదరదు, అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్క ఆనించి రంగు పట్టిస్తాడు, ఆ టైంలో చెయ్యి తియ్యడానికి ఉండదు, మధ్యలో ఆపితే అక్కడ రంగు తేడా వచ్చేస్తుందంటాడు. అందుకే మాకు ఆ వాట్సాప్ బటనే దుకాణం గుమ్మం.

ప్రతి పేజీలో కింద కుడి మూల ఆకుపచ్చ గుండ్రటి బటన్ ఉంటుంది కదా, అది కావాలని వెతికితే నంబర్ కొడితే కోడ్ తయారుచేసి ఇచ్చే సైట్ ఒకటి దొరికింది. ఆ కోడ్ తెచ్చి బిల్డర్‌లో ఎంబెడ్ కోడ్ అనే బ్లాక్ లాగి అందులో పేస్ట్ చేశా. బటన్ వచ్చింది, కానీ స్క్రీన్ మూల కాదు, ఆ బ్లాక్ డబ్బా లోపలే కుడి మూలకి వచ్చింది, పేజీ జరిపితే డబ్బాతో పాటే పైకి పోతోంది. నొక్కితే ఆ చిన్న డబ్బాలోనే ఏదో తెరుచుకోబోయి కనెక్షన్ నిరాకరించారని బూడిదరంగు తెర వస్తోంది. ఇక ఫోన్‌లో చూస్తే బటనే లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్ నుంచే.

ఇంకొకటి కూడా ఉంది, పైన పెద్ద హెడింగ్ "ఏటికొప్పాక లక్క బొమ్మలు" అని పెట్టా, అందులో ప్ప, క్క, మ్మ వత్తులు కింద సగానికి తెగిపోయి కనిపిస్తున్నాయి. ఊరి పేరే సరిగ్గా పడకపోతే బాధగా ఉంది.

సపోర్ట్ చాట్‌లో అడిగితే కస్టమ్ కోడ్‌కి మేము సాయం చెయ్యలేం అన్నారు. ఎవరైనా దారి చెప్పండి.

సెమికోలన్
శనివారం రాత్రి 11:15

మీరు చెప్పినదాన్ని బట్టి కోడ్ పెట్టిన చోటు దగ్గరే తేడా వచ్చింది.

చాలా బిల్డర్లలో ఎంబెడ్ బ్లాక్‌లో మీరు ఏది పేస్ట్ చేసినా దాన్ని తిన్నగా మీ పేజీలో కలపరు, ఐఫ్రేమ్ అని ఒకటి కట్టి అందులో వేస్తారు. ఐఫ్రేమ్ అంటే మీ పేజీలో కోసిన కిటికీ, ఆ కిటికీలో కనిపించేది వేరే పేజీ. మీ కోడ్‌కి ఆ కిటికీయే ప్రపంచం, దాని బయట ఏముందో దానికి తెలీదు, తాకనివ్వరు కూడా. కోడ్‌లో పొజిషన్ ఫిక్స్‌డ్, కింద నుంచి 20, కుడి నుంచి 20 అని ఉంటుంది చూడండి, అది నిజంగానే అమలవుతోంది, కాకపోతే స్క్రీన్ మూల అనుకుని కిటికీ మూలకి వెళ్ళి కూర్చుంది. బిల్డర్ వాళ్ళు ఇలా చెయ్యడానికి కారణం ఉంది, ఎవరో తెచ్చి పేస్ట్ చేసిన కోడ్ వల్ల మిగతా పేజీ చెడిపోకుండా, లాగిన్ వివరాల్లాంటివి దాని చేతికి చిక్కకుండా అడ్డుగోడ అది.

నొక్కితే బూడిదరంగు తెర రావడం కూడా అందుకే. లింక్ ఆ కిటికీలోనే తెరుచుకోబోయింది, వాట్సాప్ తన పేజీని ఇంకొకరి సైట్ కిటికీలో చూపించనివ్వదు. లింక్‌లో టార్గెట్ బ్లాంక్ అని పెడితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. ఫోన్‌లో కనపడకపోవడం మాత్రం వేరే సంగతి అయ్యుండొచ్చు, కొన్ని బిల్డర్లలో మొబైల్ లేఅవుట్ విడిగా ఉంటుంది, అక్కడ ఆ బ్లాక్ దాచిపెట్టి ఉందేమో, ఎత్తు బాగా తగ్గిపోయిందేమో చూడండి. కానీ అది బాగుచేసుకున్నా మీకు కావాల్సింది రాదు కాబట్టి ఆ బ్లాక్ తీసేయండి.

మీకు కావాల్సిన చోటు సైట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఒక్కో బిల్డర్ ఒక్కో పేరు పెట్టుకుంది, విక్స్‌లో అయితే కస్టమ్ కోడ్ అంటారు, డొమైన్ కలిపిన పెయిడ్ సైట్ ఉండాలి, స్క్వేర్‌స్పేస్‌లో కోడ్ ఇంజెక్షన్, అది అన్ని ప్లాన్లలో రాదు, వెబ్‌ఫ్లోలో కూడా సైట్ సెట్టింగ్స్‌లోనే కస్టమ్ కోడ్ ట్యాబ్ ఉంటుంది, గూగుల్ సైట్స్‌లో మాత్రం ఆ అవకాశమే లేదు, అక్కడ ఎంబెడ్ కిటికీతోనే సరిపెట్టుకోవాలి. మీరు డబ్బు కట్టి డొమైన్ కూడా కలిపారు కాబట్టి మీ దాంట్లో ఉండే ఛాన్స్ ఎక్కువ. అక్కడ హెడ్‌లోనా, బాడీ మొదట్లోనా, బాడీ చివర్లోనా అని అడిగితే (హెడ్ అంటే పేజీలో కనపడని మొదటి భాగం, బాడీ అంటే కనిపించే భాగం) బాడీ చివర్లో అని పెట్టండి, అన్ని పేజీలకీ అని ఎంచుకోండి. హెడ్‌లో పెడితే ఆ కోడ్ నడిచే సమయానికి పేజీలో ఇంకా ఏమీ వచ్చి ఉండదు, బటన్‌ని తగిలించడానికి చోటే లేక కొన్ని కోడ్‌లు అక్కడే ఆగిపోతాయి.

పబ్లిష్ చేసి అసలు సైట్‌లో చూడండి. ఎడిటర్ లోపల ప్రివ్యూలో ఇలాంటి కోడ్ చాలాచోట్ల నడవదు, అక్కడ కనపడలేదని గాభరా పడొద్దు.

రాతగీత
ఆదివారం ఉదయం 7:50

నేను వత్తుల సంగతి చెప్తా, ఈ ఒక్క విషయం మీద నాకు చాలా పట్టుంది, ఎందుకంటే తెలుగు సైట్లలో సగం ఇలాగే తెగిన వత్తులతో ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

బిల్డర్ టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసినవి. ఇంగ్లీషులో లైను కిందికి దిగేవి ఏ నాలుగైదు అక్షరాలో, అవి కూడా కొంచెమే దిగుతాయి, అందుకని పెద్ద హెడింగ్‌లకి లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) 1 అనో 1.1 అనో పెట్టేస్తారు. మనకి అలా కుదరదు. పైన గుడి, తలకట్టు, కింద వత్తు, కొన్నిసార్లు వత్తు కింద ఇంకో వత్తు, స్త్రీ లాంటి మాట చూడండి ఎంత లోతు కావాలో. మీ "ప్ప"లో కింది ప దిగే చోటు టెంప్లేట్ ఇచ్చిన డబ్బాకి బయట పడుతోంది, ఆ డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి వచ్చింది దాచెయ్యి) అని ఉండుంటుంది, అందుకే కత్తిరించినట్టు తెగుతోంది.

పైగా టెంప్లేట్‌లో ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేకపోతే బ్రౌజర్ తనకి దొరికిన తెలుగు ఫాంట్ ఏదో పెట్టుకుంటుంది, మీ ల్యాప్‌టాప్‌లో ఒకలా, మావయ్య గారి ఫోన్‌లో ఇంకోలా కనిపిస్తుంది. కాబట్టి ముందు ఫాంట్ మీరే ఎంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర ఉన్నాయి, సిలికానాంధ్ర ద్వారా వచ్చినవి పెద్దన, తిమ్మన, ధూర్జటి అని రాయల కాలపు కవుల పేర్లతో కూడా ఉన్నాయి, బొమ్మల షాప్ హెడింగ్‌కి రామభద్ర నిండుగా బాగుంటుందని నా అభిప్రాయం, కింద చదవాల్సిన మేటర్‌కి మాత్రం మండలి గానీ నోటో గానీ పెట్టండి, లావు ఫాంట్‌లో పేరాలు చదవలేం.

ఫాంట్ అయ్యాక కస్టమ్ సీఎస్ఎస్ (పేజీ రూపం, కొలతలు చెప్పే కోడ్) పెట్టే చోట హెచ్ 1, హెచ్ 2 అనే హెడింగ్ లకి లైన్ హైట్ 1.6 ఇవ్వండి, లెటర్ స్పేసింగ్ సున్నా చెయ్యండి, ఇంగ్లీషు హెడింగ్‌కి స్టైల్‌గా ఉంటుందని అక్షరాల మధ్య ఎడం పెడతారు, తెలుగుకి పెడితే మాట విడివిడిగా పడి చదవడానికి ఇబ్బంది. అప్పటికీ తెగుతుంటే హెడింగ్‌కి కింద పాడింగ్ (లోపలి ఖాళీ) ఒక 8 పిక్సెల్స్ ఇవ్వండి. ఒక జాగ్రత్త, బిల్డర్ దానంతట అది పెట్టిన క్లాస్ పేర్లు అంకెలూ అక్షరాలూ కలిసి పొడుగ్గా ఉంటాయి, వాటిని పట్టుకుని సీఎస్ఎస్ రాయొద్దు, రేపు ఆ బ్లాక్ తీసి మళ్ళీ పెడితే పేరు మారిపోవచ్చు, మీరు రాసింది దేనికీ తగలకుండా పోతుంది.

పహారా
ఆదివారం ఉదయం 9:05

పై ఇద్దరూ చెప్పింది సరైనదే, కానీ ఆ కోడ్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఒకసారి చూద్దాం. నంబర్ కొడితే కోడ్ ఇచ్చే సైట్ అన్నారు కదా. ఆ కోడ్ తెరిచి చూడండి, అందులో స్క్రిప్ట్ (బ్రౌజర్ నడిపే చిన్న ప్రోగ్రాం) అని మొదలై ఎస్ఆర్‌సీ అని ఏదో తెలియని సైట్ అడ్రస్ ఉందా? ఉంటే మీ పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ సైట్ నుంచి కొత్తగా కోడ్ వచ్చి నడుస్తుంది. ఈరోజు వాళ్ళు బటన్ పంపుతున్నారు, రేపు ఏం పంపుతారో మీ చేతిలో ఉండదు. ఎంబెడ్ కిటికీలో ఉన్నంతసేపు గోడ ఉంది, ఇప్పుడు సెమికోలన్ గారు చెప్పిన చోటికి మారిస్తే ఆ గోడ ఉండదు, పేజీ మొత్తం దాని చేతిలో ఉంటుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. పాలీఫిల్ డాట్ ఐఓ అని ఒకటి ఉండేది, పాత బ్రౌజర్లలో సైట్లు సరిగ్గా నడవడానికి డెవలపర్లు ఏళ్ళ తరబడి నమ్మి ఒక లైను పెట్టుకునేవాళ్ళు. 2024 ఫిబ్రవరిలో ఆ డొమైన్ చేతులు మారింది, జూన్‌కల్లా అదే లైను ద్వారా ఫోన్లలో చూసేవాళ్ళని బెట్టింగ్ సైట్లకి మళ్ళించే కోడ్ రావడం మొదలైంది, లక్షకి పైగా సైట్ల మీద పడింది. అందులో దారుణం ఏంటంటే సైట్ అడ్మిన్ చూస్తున్నాడని కనిపెడితే ఆ కోడ్ నడవకుండా ఊరుకునేది, అంటే సైట్ ఓనర్‌కి అంతా బాగానే కనపడుతుంది, కొనడానికి వచ్చినవాడు ఎక్కడికో పోతాడు.

మీకు కావాల్సింది ఒక లింకు, ఒక ఆకుపచ్చ గుండ్రం. దానికి స్క్రిప్టే అక్కర్లేదు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, పది అంకెల నంబర్, ఇంతే లింకు, ప్లస్ గుర్తు వద్దు, ముందు సున్నా వద్దు, మధ్యలో గీతలూ ఖాళీలూ వద్దు. దానికి సీఎస్ఎస్‌తో గుండ్రం, రంగు, మూల. బయటి సైట్ నుంచి ఏదీ రాదు, పేజీ బరువు పెరగదు, మీ ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు కూడా బటన్ వెంటనే వస్తుంది. సెమికోలన్ గారూ మీకు వీలైతే ఆ ఏడెనిమిది లైన్లు వీరికి మెసేజ్‌లో పంపండి.

ఇంకో మాట, కొన్ని బిల్డర్లలో వాళ్ళ సొంత బటన్‌నే స్క్రీన్‌కి అతికించే ఆప్షన్ ఉంటుంది, పిన్ టు స్క్రీన్ లాంటి పేరుతో. అది ఉంటే కోడే వద్దు. ముందు అది వెతకండి.

సెమికోలన్
ఆదివారం ఉదయం 9:31

పహారా గారు చెప్పింది కరెక్ట్, ఆ కోణం నేను రాయాల్సింది. లక్కపిడత గారూ, చిన్న కోడ్ మెసేజ్‌లో పంపా. లింకు, దానికి స్టైల్, అంతే. నంబర్ ఉన్నచోట మీది పెట్టుకోండి.

లక్కపిడత
ఆదివారం మధ్యాహ్నం 2:20

ముందుగా వత్తులు వచ్చేశాయి!! రాతగీత గారూ చాలా థాంక్స్, రామభద్ర పెట్టి లైన్ హైట్ 1.6 ఇచ్చా, ప్ప నిండుగా పడింది, స్క్రీన్‌షాట్ మావయ్యకి పంపితే పెద్దది చేసి చూసుకున్నాడంట.

పిన్ ఆప్షన్ మా బిల్డర్‌లో దొరకలేదు. సెట్టింగ్స్‌లో కస్టమ్ కోడ్ మాత్రం ఉంది, పాత కోడ్ తీసేసి (పహారా గారు అన్నట్టే అందులో ఏదో తెలియని సైట్ అడ్రస్ ఉంది) సెమికోలన్ గారి కోడ్ బాడీ చివర్లో పెట్టా. కానీ బటన్ ఆకారమే లేదు, పేజీ అట్టడుగున ఫుటర్ కింద వాట్సాప్ అని నీలం రంగు మామూలు లింకులా పడింది, నొక్కితే వాట్సాప్‌కి వెళ్ళకుండా మా సైట్‌లోనే పేజీ దొరకలేదు 404 అని వస్తోంది. రెండు సార్లు తీసి పెట్టా, అంతే.

సెమికోలన్
ఆదివారం మధ్యాహ్నం 2:48

కోడ్‌ని నేరుగా పేస్ట్ చేశారా, మధ్యలో ఎక్కడైనా పెట్టి మార్చారా?

లక్కపిడత
ఆదివారం మధ్యాహ్నం 2:55

వర్డ్‌లో పెట్టుకుని నంబర్ మార్చా. కొన్ని లైన్లు చెరిగిపోతే చూసి మళ్ళీ టైప్ చేశా.

సెమికోలన్
ఆదివారం మధ్యాహ్నం 3:10

అదే. వర్డ్‌లో మీరు కోట్స్ టైప్ చేస్తే అది అందంగా ఉండాలని వంకర కోట్స్‌గా మార్చేస్తుంది. చూడండి, ఇది నిటారు కోట్ " ఇవి వంకర కోట్స్ “ ” మన కంటికి రెండూ ఒకటే, బ్రౌజర్‌కి మాత్రం మొదటిదే కోట్, రెండోది మామూలు అక్షరం కింద లెక్క.

ఇప్పుడు మీకు కనిపిస్తున్న రెండు లక్షణాలూ దీనివల్లే. స్టైల్ దగ్గర వంకర కోట్ ఉండేసరికి బ్రౌజర్ మొదటి ఖాళీ వచ్చేదాకా చదివి స్టైల్ అక్కడితో అయిపోయిందనుకుంది, మిగతాది వదిలేసింది, అందుకే గుండ్రమూ లేదు మూలా లేదు, కోడ్ ఉన్న చోటే అంటే పేజీ చివర్లో ఉత్త లింకులా పడింది. లింకు దగ్గర అడ్రస్ కూడా వంకర కోట్‌తో మొదలైంది కాబట్టి ఇది బయటి అడ్రస్ కాదు, ఇదే సైట్‌లో ఏదో పేజీ పేరు అనుకుని మీ డొమైన్ వెనక తగిలించి వెతికింది, దొరక్క 404 ఇచ్చింది. అడ్రస్ బార్‌లో చూస్తే మీ సైట్ పేరు తర్వాత ఆ కోట్‌తో సహా కనిపిస్తుంది.

నోట్‌ప్యాడ్‌లో మాత్రమే మార్చండి. నేను పంపింది మళ్ళీ కాపీ చేసుకుని, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, నంబర్ అంకెలు మాత్రమే మార్చి, అక్కడి నుంచి తీసుకెళ్ళి పెట్టండి. ఎప్పుడైనా స్క్రిప్ట్ ఉన్న కోడ్ నడవకపోతే కంప్యూటర్‌లో ఎఫ్ 12 నొక్కి కన్సోల్ ట్యాబ్ చూడండి, ఎర్ర అక్షరాల్లో ఏ లైన్‌లో తేడా ఉందో చెప్తుంది, ఆ ఎర్ర లైను ఇక్కడ పెడితే మాకూ పని సులువు.

మొక్కజొన్న
ఆదివారం సాయంత్రం 5:36

సారీ, మధ్యలో దూరుతున్నా, నాదీ ఇదే ప్రాబ్లం కానీ బిల్డర్ వేరు. వర్డ్‌ప్రెస్‌లో పేజ్ బిల్డర్ ప్లగిన్‌తో చేశా, హెచ్‌టీఎంఎల్ విడ్జెట్‌లో పెట్టా, ఐఫ్రేమ్ ఏం లేదు, ఇన్‌స్పెక్ట్ చేసి చూశా, కోడ్ నేరుగా పేజీలోనే ఉంది, కోట్స్ కూడా కరెక్ట్‌గానే ఉన్నాయి. అయినా పొజిషన్ ఫిక్స్‌డ్ పని చెయ్యట్లేదు, బటన్ ఆ సెక్షన్‌కే అతుక్కుని స్క్రోల్‌తో పోతోంది. నిన్నటి నుంచి జుట్టు పీక్కుంటున్నా.

సెమికోలన్
ఆదివారం సాయంత్రం 6:02

ఆ సెక్షన్‌కి యానిమేషన్ ఏదైనా పెట్టారా, స్క్రోల్ చేస్తుంటే కింద నుంచి తేలుతూ వచ్చే టైపు?

మొక్కజొన్న
ఆదివారం సాయంత్రం 6:04

అవును అన్నా పెట్టా, ఫేడ్ ఇన్ అప్

సెమికోలన్
ఆదివారం సాయంత్రం 6:20

పట్టుకున్నాం అయితే. అలా తేలుతూ రావడానికి ప్లగిన్ ఆ సెక్షన్ మీద ట్రాన్స్‌ఫార్మ్ అనే సీఎస్ఎస్ పెడుతుంది. ట్రాన్స్‌ఫార్మ్ ఉన్న డబ్బా లోపల ఏదైనా ఫిక్స్‌డ్ అని ఉంటే అది స్క్రీన్‌ని కాకుండా ఆ డబ్బానే కొలతగా తీసుకుంటుంది, ఇది బగ్ కాదు, సీఎస్ఎస్ రూలే అంత. ఫిల్టర్ పెట్టినా ఇంతే. విడ్జెట్‌ని యానిమేషన్ లేని సెక్షన్‌లోకి మార్చండి, అంతకంటే మంచిది థీమ్ (సైట్ మొత్తానికి రూపం ఇచ్చే ఫైళ్ళు) ఫుటర్‌లోకి వెళ్ళేలా పెట్టుకోవడం, అన్ని పేజీలకీ ఒకేసారి వస్తుంది.

గోదారిగట్టు
ఆదివారం రాత్రి 8:44

మొక్కజొన్న బ్రో, థీమ్ ఫుటర్ అన్నారు కదా అని థీమ్ ఫైల్స్ తెరిచి మార్చకు. నేను అదే చేశా. మా చెల్లి టైలరింగ్ క్లాసుల సైట్, ఫంక్షన్స్ ఫైల్ తెరిచి ఒక చిన్న కోడ్ పెట్టా, ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోయా, సేవ్ కొట్టగానే సైట్ మొత్తం తెల్ల పేజీ, అడ్మిన్ కూడా తెరుచుకోలేదు, ఆ రోజే కొత్త బ్యాచ్ అడ్మిషన్లు. అప్పటికి బ్యాకప్ అనే మాటే నాకు తెలీదు, హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లోకి వెళ్ళి ఆ ఫైల్‌లో నేను పెట్టింది తీసేయాలని తెలుసుకోడానికి సాయంత్రం అయింది. ఆ పూట చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ అనిపించింది.

తర్వాత 2019 మేలో వర్డ్‌ప్రెస్ 5.2 వచ్చినప్పుడు రికవరీ మోడ్ పెట్టారు, ఇలా థీమ్ వల్లో ప్లగిన్ వల్లో సైట్ పడిపోతే అడ్మిన్ ఈమెయిల్‌కి ఒక లింక్ వస్తుంది, దాంతో లోపలికి వెళ్ళి ఆ ముక్క ఆపేయొచ్చు. అందుకే అడ్మిన్ ఈమెయిల్ నిజంగా చూసే ఈమెయిల్ అయ్యుండాలి, చాలామందికి సైట్ చేసిచ్చినవాడి మెయిలే ఉండిపోతుంది, ఇప్పుడే వెళ్ళి చూసుకో.

బ్రాకెట్ సరిగ్గా ఉన్నా ఇంకో దెబ్బ ఉంది, థీమ్ అప్‌డేట్ వస్తే నువ్వు మార్చిన ఫైల్ మీద కొత్తది వచ్చి పడుతుంది, నీ కోడ్ పోతుంది. మార్చాలంటే చైల్డ్ థీమ్ (అసలు థీమ్ ని ముట్టకుండా మన మార్పులు విడిగా ఉంచేది) చేసుకో, లేదా కోడ్ స్నిపెట్స్ లాంటి ప్లగిన్ పెట్టుకుంటే ఫుటర్‌లో ఏం రావాలో అక్కడ రాసుకోవచ్చు, థీమ్ మారినా అది ఉంటుంది. సీఎస్ఎస్ ఒక్కటే అయితే అడిషనల్ సీఎస్ఎస్ అని వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది, దానికి ప్లగిన్ కూడా వద్దు.

ఇంకోటి, లాగిన్ ఎవరిదో చూసుకో. అడ్మిన్, ఎడిటర్ పెట్టిన స్క్రిప్ట్ అయితే ఉంచుతుంది, ఆథర్ లాగిన్‌తో పెడితే సేవ్ చెయ్యగానే వర్డ్‌ప్రెస్ చప్పుడు లేకుండా స్క్రిప్ట్ తీసేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు, మనం కోడ్ తప్పనుకుని వెతుకుతూ ఉంటాం.

మొక్కజొన్న
ఆదివారం రాత్రి 9:30

యానిమేషన్ తీసేశా, కూర్చుంది!! అడ్మిన్ మెయిల్ చూస్తే నిజంగానే సైట్ చేసిన అబ్బాయిది ఉంది, మార్చేశా. ఇద్దరికీ థాంక్స్.

లక్కపిడత
సోమవారం రాత్రి 9:12

నాదీ వచ్చేసింది, నోట్‌ప్యాడ్‌తో మొదటిసారికే. కింద కుడి మూల పచ్చగా కూర్చుంది, ఫోన్‌లో కూడా.

ఇప్పుడు ఇంకో చిన్న సాయం. నొక్కగానే మెసేజ్ ముందే రాసి ఉండేలా లింకు చివర టెక్స్ట్ అని పెట్టొచ్చని చదివి "లక్కపిడతలు & బొమ్మల వివరాలు కావాలి" అని పెట్టా. వాట్సాప్ తెరుచుకుంటే "లక్కపిడతలు" వరకే వస్తోంది. ఇంకా, ఏ బొమ్మ పేజీలో ఉండి నొక్కారో మెసేజ్‌లో వస్తే బాగుండు అంటున్నాడు మావయ్య, ఎందుకంటే జనం ఇది ఎంత అని మాత్రమే రాస్తున్నారు, ఏది అని మళ్ళీ అడగాల్సి వస్తోంది.

పహారా
సోమవారం రాత్రి 9:40

& గుర్తుకి లింకుల్లో వేరే అర్థం ఉంది, ఇక్కడితో ఒక విషయం అయిపోయింది, తర్వాతది మొదలు అని. అందుకే మీ మెసేజ్ అక్కడ తెగింది. ఆ గుర్తు బదులు %26 అని రాయండి, ఖాళీ బదులు %20. లేదంటే & తీసేసి "లక్కపిడతలు, బొమ్మలు" అని రాసుకుంటే గొడవే లేదు.

తెలుగు అక్షరాలు బ్రౌజర్ తనే మార్చుకుంటుంది. లింకు కాపీ చేసి చూస్తే పర్సెంట్ గుర్తులతో చాంతాడంత కనిపిస్తుంది, కంగారు పడకండి, తెలుగులో ఒక్కో కోడ్ గుర్తుకి మూడు బైట్లు, ఒక్కో బైటు మూడు క్యారెక్టర్లుగా రాస్తుంది, "క్క" అనే అక్షరం ఒక్కటే క, పొల్లు, క కలిసి 27 క్యారెక్టర్లు అవుతుంది. అందుకే మెసేజ్ చిన్నగా ఉంచండి.

సెమికోలన్
సోమవారం రాత్రి 10:05

పేజీ పేరు మెసేజ్‌లో రావాలంటే రెండు దారులు. మీకు ఎన్ని బొమ్మల పేజీలు ఉన్నాయో తెలీదు, పదో పన్నెండో అయితే ప్రతి పేజీలో ధర కింద బిల్డర్ సొంత బటన్ ఒకటి పెట్టి, దాని లింకులో ఆ బొమ్మ పేరుతో మెసేజ్ పెట్టండి. కోడ్ ఏమీ లేదు, ఎప్పటికీ చెడదు, ధర చూసిన చోటే అడిగే బటన్ ఉంటుంది. నాకైతే ఇదే ఇష్టం.

ఎక్కువ పేజీలుంటే మూల బటన్‌కే రెండు లైన్ల స్క్రిప్ట్ చాలు, పేజీ టైటిల్ తీసుకుని, ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపోనెంట్ అనే ఫంక్షన్‌లో వేసి లింకు చివర అతికిస్తుంది, & లాంటి గుర్తుల సంగతి అదే చూసుకుంటుంది. ఒక్కటే చిక్కు, కొన్ని బిల్డర్లు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే మొత్తం మళ్ళీ లోడ్ చెయ్యవు, లోపలి మేటర్ మాత్రమే మారుస్తాయి, అప్పుడు స్క్రిప్ట్ మొదటి పేజీలో ఒక్కసారే నడిచి అదే పేరు పట్టుకుని ఉండిపోతుంది, ఏనుగు బొమ్మ పేజీలో నొక్కినా హోమ్ అనే వస్తుంది. విక్స్‌లో ఒకసారి లోడ్ చెయ్యాలా, ప్రతి కొత్త పేజీకీనా అని అడుగుతుంది, అలాంటిది మీ దాంట్లో ఉందేమో చూడండి. లేకపోతే బటన్ నొక్కిన క్షణంలో టైటిల్ చదివేలా రాసి పంపుతా, అప్పుడు ఏ బిల్డర్ అయినా తేడా రాదు.

లక్కపిడత
మంగళవారం రాత్రి 8:30

పదకొండు పేజీలే, అందుకే మీరు చెప్పిన మొదటి దారే పట్టుకున్నా. ప్రతి పేజీలో ధర కింద "ఈ బొమ్మ గురించి అడగండి" అని బటన్ పెట్టా, మూల బటన్ మామూలు మెసేజ్‌తోనే ఉంచా. ఇందాక సాయంత్రం హైదరాబాద్ నుంచి ఒకావిడ "లక్కపిడతల సెట్, పెద్దది, వివరాలు కావాలి" అని మెసేజ్ పెట్టారు, అది మేం రాసి పెట్టిన మెసేజే. మావయ్య లేత్ ఆపి చేతులు కడుక్కుని తీరిగ్గా ఫోటో తీసి పంపాడు.

ఒక్కటి మిగిలింది, మావయ్య ఫోన్ చిన్నది, దాంట్లో మూల బటన్ వచ్చి ఆ కొత్త బటన్ చివరి అక్షరాల మీద కూర్చుంటోంది.

రాతగీత
మంగళవారం రాత్రి 8:52

పేజీ అడుగున కాస్త ఖాళీ వదలండి, ఫోన్‌కి మాత్రమే. సీఎస్ఎస్‌లో మీడియా, మ్యాక్స్ విడ్త్ 600 పిక్సెల్స్ అని పెట్టి అందులో బాడీకి పాడింగ్ బాటమ్ 90 ఇవ్వండి, చివరికి జరిపితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. అలాగే మూల బటన్ 60 ఉంటే ఫోన్‌లో 48 చెయ్యండి, వేలికి అది చాలు. ధర కింద బటన్‌ని ఎడమ వైపుకి జరిపితే మధ్యలో ఉన్నప్పుడు కూడా తగలదు. ఆ హెడింగ్ స్క్రీన్‌షాట్ మాకూ ఒకటి పెట్టండి.